పిలిచింది నోటిమాటతో, అడగాల్సింది కాగితం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి ఒక తమ్ముడు రాసిన ఉత్తరం. పేరు, ఊరు తీసేసి, కొంచెం కుదించి ఇస్తున్నాను.

“అక్కా, డిగ్రీ అయ్యింది. జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. మా వీధి కుళాయికి పదకొండు రోజులు నీళ్లు రాలేదు. ఊరి వాట్సాప్ గ్రూపులో ఇలా రాశాను: ‘పదకొండు రోజులుగా కుళాయిలో చుక్క లేదు. ట్యాంకుకి రంగులేసిన బిల్లు మాత్రం పాసైపోయింది. మా నీళ్లు ఎవడి కడుపులో పారుతున్నాయి?’ మూడో రోజు పొద్దున్న కానిస్టేబుల్ ఫోన్ చేసి, ‘సారు రమ్మంటన్నారు, ఓపాలి వచ్చెళ్లు’ అన్నాడు. వెళ్లాను. తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. కొట్టలేదు, తిట్టలేదు. టీ కూడా ఇచ్చారు. ఫోన్ తీసుకుని టేబుల్ సొరుగులో పెట్టారు. మూడు వారాలైంది, ఇంకా ఇవ్వలేదు. వచ్చేముందు ఒక తెల్లకాగితం అడుగున సంతకం పెట్టించుకున్నారు. మా నాన్న ‘ఆళ్లతో మనకేటిరా, ఊరుకో’ అంటున్నాడు. నాకిప్పుడు గవర్నమెంటు మీద నమ్మకం లేదు, కోర్టు మీద లేదు. రాజ్యాంగం అంటే నవ్వొస్తోంది. ఓటు కూడా వెయ్యకూడదనుకుంటున్నాను. హైదరాబాదు పోయి ఏదో పని చూసుకోమంటావా?”

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివి నాలుగు చోట్ల గీత గీశాను. ఫోన్‌లో పిలుపు, ఎనిమిదిన్నర గంటల బెంచీ, సొరుగులో ఫోన్, తెల్లకాగితం మీద సంతకం. ఈ నాలుగింటిలో ఒక్కదానికైనా నీ దగ్గర చిన్న ముక్క కాగితం ఉందా? లేదు. వాళ్ల దగ్గర మాత్రం ఒకటుంది, నీ సంతకంతో.

కొట్టలేదని రాశావు. అది రాసిన తీరు చూస్తే కొంచెం రుణపడినట్టు రాశావనిపించింది. కొడితే ఒంటి మీద గుర్తు ఉంటుంది, డాక్టరు చూసి రాస్తాడు, రేపు మేజిస్ట్రేటు అడుగుతాడు. టీ ఇచ్చి బెంచీ మీద కూర్చోబెడితే ఎక్కడా ఏ గుర్తూ ఉండదు. ముప్పై ఏళ్లు వకీలుగా ఈ జిల్లా కోర్టుల్లో తిరిగినదాన్ని, నాకు లాఠీ కన్నా ఆ బెంచీ అంటేనే భయం. లాఠీ సంగతి బయటికొస్తుంది. బెంచీ సంగతి ఎవరికీ తెలియదు, తెలిసినా “ఊరికే పిలిచాం, మాట్లాడి పంపేశాం” అంటే అయిపోతుంది.

మన హక్కులు పోతున్నాయని అందరం అంటాం. ఎలా పోతాయనుకుంటున్నావు? ఢిల్లీలోనో అమరావతిలోనో చట్టం చేసి తీసేస్తారని అనుకుంటాం. అదీ జరుగుతుంది, కాదనను. కాని నేను చూసినంతలో ఎక్కువ హక్కులు నోటిమాటతోనే పోయాయి. “సారు రమ్మన్నారు.” “పైనుంచి చెప్పారు.” “మీటింగు వద్దన్నారు.” “నీ అర్జీ తీసుకోవద్దన్నారు.” ఎవరన్నారో తెలియదు, ఎప్పుడన్నారో తెలియదు, ఎక్కడా రాసి ఉండదు. రాసి ఉన్నది ఎంత చెడ్డ ఆర్డరైనా కోర్టులో నిలదీయడానికి దొరుకుతుంది. నోటిమాటను ఏ కోర్టుకని పట్టుకెళతావు?

దీనికి మన రాష్ట్రంలోనే పక్కా ఉదాహరణ ఉంది. 2022 డిసెంబరు 28న కందుకూరులో, నాలుగు రోజులకే గుంటూరులో తొక్కిసలాటలు జరిగి జనం చనిపోయారు. వెంటనే 2023 జనవరి 2న అప్పటి ప్రభుత్వం రోడ్ల మీద సభలు, ర్యాలీలు ఆపుతూ జీవో నంబరు 1 ఇచ్చింది. దేన్ని ఆధారం చేసుకుని? 1861 నాటి పోలీసు చట్టంలో సెక్షన్ 30ని. మన తాతల తాతల్ని అదుపులో పెట్టడానికి తెల్లవాడు రాసుకున్నది. ఆ సెక్షన్ ఊరేగింపులను క్రమబద్ధం చేయమంటుంది, మొత్తంగా ఆపేయమనదు. అదే ఏడాది మే 12న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. కొట్టేయడానికి వీలు ఎందుకు కుదిరింది? కాగితం మీద ఉంది కాబట్టి, దానికో నంబరూ తేదీ ఉన్నాయి కాబట్టి. అదే జీవో లేకుండా ప్రతి స్టేషన్లోనూ నోటితో “పర్మిషన్ లేదు, పోండి” అనేసి ఉంటే? అంటూనే ఉన్నారులే. దాన్ని ఎవరూ కొట్టేయలేదు.

(ఏ పార్టీ అని అడగకు. నిన్న పోలీసుల్ని తిట్టినవాళ్లు ఇవాళ మెచ్చుకుంటున్నారు. నిన్న మెచ్చుకున్నవాళ్లు ఇవాళ తిడుతున్నారు. స్టేషన్లో బెంచీ మాత్రం అదే బెంచీ.)

భూమి హక్కుల చట్టం సంగతీ అంతే. ల్యాండ్ టైట్లింగ్ చట్టం అమల్లోకి తెస్తే, హద్దు తగాదా సివిల్ కోర్టు నుంచి ఆఫీసరు బల్ల మీదికి పోతుందని మా వకీళ్లం చదివి చెప్పాం, రాష్ట్రమంతా కోర్టులు బహిష్కరించాం. 2024లో దాన్ని రద్దు చేశారు. జనం భయంలో కొంత పుకారూ ఉంది, నిజమూ ఉంది. కాని సెక్షన్ పేరు చెప్పి భయపడే వీలుంది కదా, అది గొప్ప.

ఇప్పుడు నీ నాలుగు గీతలు.

మొదటిది, పిలుపు. సాక్షిగా పిలిచినా, అనుమానితుడిగా పిలిచినా రాతపూర్వకంగానే పిలవాలి. ఏ కేసు, ఏ సెక్షన్, ఎప్పుడు రావాలి, అన్నీ అందులో ఉండాలి. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో తొందరపడి అరెస్టు చేయకూడదని, ముందు నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో గట్టిగా చెప్పింది. ఆ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. వాట్సాప్‌కే దిక్కు లేనప్పుడు “ఓపాలి వచ్చెళ్లు”కి ఏం విలువ? ఇంకోసారి ఫోన్ వస్తే గొంతు పెంచకు. “తప్పకుండా వస్తాను సార్, నోటీసు పంపించండి” అను. అంతే. మీ నాన్నకి అరవై దాటితే ఆయన్నయితే సాక్షిగా స్టేషన్‌కి రమ్మని బలవంతపెట్టే వీలే లేదు, ఇంటికొచ్చి అడగాలి. ఆడవాళ్లకీ, పదిహేనేళ్ల లోపు పిల్లలకీ కూడా అంతే. 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చి సెక్షన్ నంబర్లు మారిపోయాయి. నా నోట్లో ఇంకా పాత నంబర్లే ఆడుతున్నాయి, అందుకే నంబర్లతో నిన్ను విసిగించను.

రెండోది, బెంచీ. అరెస్టు చేయలేదంటారు. లేచి వెళ్లనిచ్చారా? వెళ్లనివ్వకపోతే దాన్ని ఇంకేమంటారు? అరెస్టయితే మెమో రాయాలి, ఇంట్లోవాళ్లకి చెప్పాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇవన్నీ ఒక్కొక్కటీ రాసి పెట్టింది. దీనికి నీకో సాక్షి ఉంది, నీకు తెలియదు. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషన్లోనూ గుమ్మం దగ్గర, వరండాలో, లాకప్ దగ్గర సీసీ కెమెరాలు ఉండాలని, ఆ రికార్డు పద్దెనిమిది నెలలు దాచాలని, అది కుదరని చోట కనీసం ఏడాది ఉంచాలని చెప్పింది. నువ్వు గుమ్మంలో అడుగు పెట్టింది తొమ్మిదిన్నరకి, బయటికొచ్చింది ఆరింటికి. ఆ తేదీ, ఆ గంటల ఫుటేజీ భద్రపరచమని ఈ వారంలోనే ఉత్తరం పెట్టు. కెమెరా పనిచెయ్యట్లేదంటారేమో. అననీ. అదే మాట రాసి ఇమ్మను. పనిచెయ్యని కెమెరాల సంగతి 2025లో సుప్రీంకోర్టే తనంతట తాను విచారణకు తీసుకుంది, కాబట్టి ఆ ముక్క రాసివ్వడానికి ఏ అధికారికైనా చెయ్యి వణుకుతుంది.

మూడోది, ఫోన్. కొత్త చట్టం మనకు చేసిన మేలు తక్కువే. ఇది మాత్రం ఒకటి: స్వాధీనం చేసుకుంటే వీడియో తియ్యాలి, జాబితా రాయాలి, మేజిస్ట్రేటుకి తెలియజేయాలి. సొరుగులో వేసుకోవడం స్వాధీనం కిందికి రాదు. ముందు నీ మీద కేసుందో లేదో చూడు. సున్నితమైనవి మినహా ఎఫ్ఐఆర్‌లన్నీ ఇరవై నాలుగు గంటల్లో పోలీసు వెబ్‌సైట్లో పెట్టాలని 2016 నుంచి ఉంది. లేదంటే, కేసే లేని చోట నీ ఫోన్ ఎవరి దగ్గర, ఎందుకుందో వాళ్లే చెప్పాలి. మీ ప్రాంతపు మేజిస్ట్రేటు కోర్టులో ఒక పిటిషను వేస్తే ఆ ప్రశ్న కోర్టే అడుగుతుంది. ఫీజుకి డబ్బుల్లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చెయ్యి. ఎవరైనా స్నేహితుడి ఫోన్లోంచి.

నాలుగోదే నన్ను నిద్రపోనివ్వలేదు. తెల్లకాగితం. అసలు పోలీసుల ముందు చెప్పిన వాంగ్మూలం మీద చెప్పినవాడి చేత సంతకం పెట్టించకూడదనే చట్టం ఉంది. రాసిన దాని మీదే వద్దంటే, రాయని దాని మీద పెట్టించారు. అందులో రేపు ఏం రాస్తారో నాకూ తెలియదు, నీకూ తెలియదు. ఏమీ రాయకపోవచ్చు కూడా. చాలాసార్లు అవి అలమరలో పడి ఉంటాయి, సంతకం పెట్టినవాడు మాత్రం జన్మంతా నోరెత్తడు. వాళ్లక్కావలసింది అదేనేమో.

ఈ రాత్రే కూర్చుని ఎస్పీగారి పేర ఉత్తరం రాయి. తేదీ, గంట, ఎవరు పిలిచారు, ఎంతసేపు కూర్చున్నావు, ఫోన్ కంపెనీ, దాని ఐఎంఈఐ నంబరు (కొన్న డబ్బా మీద ఉంటుంది), ఖాళీ కాగితం మీద ఫలానా చోట సంతకం తీసుకున్నారు, దాని మీద ఏం రాసినా నాది కాదు. అంతే రాయి. “దుర్మార్గం”, “రాక్షస పాలన” లాంటి మాటలొద్దు, అవి సభల్లో బాగుంటాయి. స్పీడు పోస్టులో పంపు, రిజిస్టర్డు పోస్టును 2025 సెప్టెంబరు నుంచి అందులోనే కలిపేశారు. రసీదు పుస్తకంలో అతికించుకో. మానవ హక్కుల కమిషన్‌కి రాయాలన్నా సంఘటన జరిగిన ఏడాదిలోపే రాయాలి. మనకది 2021లో కర్నూలులో పెట్టారు, ఇచ్ఛాపురం వాడికి కర్నూలు ఎంత దగ్గరో నీకు తెలుసుగా. ఇప్పుడెక్కడుందో కనుక్కో, పోస్టులోనే పంపు.

రసీదు అంటే గుర్తొచ్చింది. ఏడెనిమిదేళ్ల కిందట పింఛను ఆగిపోయిన ఒక ముసలమ్మకి తోడుగా ఒక ఆఫీసుకి వెళ్లాను. అర్జీ రెండు కాపీలు రాయించాను. గుమస్తా ఒకటి తీసుకుని “పెట్టి ఎల్లమ్మా, చూస్తాం” అన్నాడు. రెండో కాపీ మీద ముద్ర వెయ్యమన్నాను. ప్యాడ్ ఎండిపోయిందన్నాడు. సరే, కూర్చుంటామన్నాను. ఇద్దరం అక్కడే కూర్చున్నాం. అరగంటకి ఆయన సొరుగు తీసి, గుండ్రటి ముద్ర పట్టుకుని దాని మీద “హ్హా” అని ఊది కాగితం మీద నొక్కాడు. సగం చందమామలా పడింది. పక్కన పెన్నుతో ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేశాడు. రెండు నెలల తర్వాత అదే ఆఫీసులో “అలాంటి అర్జీయే రాలేదు” అన్నారు. ముసలమ్మ ఏమీ మాట్లాడలేదు. రొంటిన దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీసింది, మడత విప్పింది, ఆ సగం చందమామ మీద వేలు పెట్టింది. పింఛను మళ్లీ మొదలైంది. ఆగిన నెలల డబ్బులు మాత్రం రాలేదు, అబద్ధం చెప్పను.

మీ నాన్న మాటకొస్తాను. ఆయన్ని పిరికివాడనుకోకు. 1969, 70ల్లో, నక్సలైటు ఉద్యమం నాడు, మీ ఉద్దానం ఊళ్లలో పోలీసు క్యాంపులున్నాయి. రాత్రిపూట కుక్క అరిస్తే తలుపులు వేసుకున్న రోజులవి. ఆయన అప్పటికి పసివాడై ఉంటాడు, కాని ఆ ఇంట్లోనే పెరిగాడు. “ఊరుకో” అన్న మాట ఆయనకి వాళ్లమ్మ దగ్గరో నాన్న దగ్గరో వచ్చి ఉంటుంది. వాదించకు. ఉత్తరం పోస్టు చేసేటప్పుడు ఆయన్ని వెంట తీసుకెళ్లు, చాలు.

రాజ్యాంగం అంటే నవ్వొస్తోందన్నావు. దాన్ని రాసినవాళ్లు ప్రభుత్వాన్ని నమ్మారని నీకెవరు చెప్పారు? ఆ సభలో చాలామంది తెల్లవాడి జైళ్లలో కూర్చొచ్చినవాళ్లు. మన దుర్గాబాయమ్మ ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లింది, ప్రకాశంగారు వెళ్లారు. సొంత ప్రభుత్వం వస్తోంది కదా అని వదిలెయ్యలేదు. పట్టుకున్నవాణ్ణి ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, కారణం చెప్పాలి, వకీలుని కలవనివ్వాలి అన్న 22వ అధికరణం మొదటి ముసాయిదాలో లేదు. వ్యక్తి స్వేచ్ఛకి ముసాయిదాలో ఉన్న కాపలా చాలదని గొడవైతే 1949 సెప్టెంబరులో అంబేడ్కర్ తెచ్చి చేర్చారు. అంటే నీకున్న ఈ అనుమానం దేశద్రోహం కాదు, ఆ పుస్తకానికి పునాది. కాని అదే అధికరణం కింది సగం చదివితే ముందస్తు నిర్బంధానికి, అంటే నేరం జరగకముందే లోపల వెయ్యడానికి, తలుపు తీసి పెట్టి ఉంటుంది. ఒకే అధికరణంలో పైన తాళం, కింద కన్నం.

కోర్టు మీద నమ్మకం లేదన్నావు. కొంత నిజమే. 1976లో, ఎమర్జెన్సీ నడుస్తుండగా, అన్యాయంగా జైల్లో పెట్టినా కోర్టుకి రాకూడదని సుప్రీంకోర్టే చెప్పింది. ఒక్క జస్టిస్ ఖన్నా కాదన్నారు. 1978లో రాజ్యాంగాన్ని సవరించి ఆ దారి మూశారు, 2017లో కోర్టు ఆ తీర్పునే తప్పంది. మనిషి వయసులో నలభై ఏళ్లు. ఇంటర్నెట్లో రాసిన మాటలకి కేసు పెట్టే 66ఎ అనే సెక్షన్ని ఐటీ చట్టంలోంచి 2015లో కొట్టేశారు. చచ్చిపోయిన ఆ సెక్షన్ కింద స్టేషన్లలో కేసులు రాస్తూనే ఉన్నారని 2021లో కోర్టుకే ఆశ్చర్యం కలిగింది. ఢిల్లీలో చెప్పిన మాట మీ మండలం దాకా రావడానికి మన వంశధార కాలవ కన్నా ఎక్కువ సమయం పడుతుంది. అందుకే తీర్పు పేరు నీ జేబులో ఉండాలి.

ఇంకొకటి చెప్పాలి, నీకు చిన్నతనం, గుర్తుండదు. సోంపేట బీల. థర్మల్ ప్లాంటుకి ఇవ్వడానికి ఆ తడినేలని బంజరన్నారు. అక్కడ వరి పండుతుంది, చేపలుంటాయి, చుట్టుపక్కల ఊళ్లకి ఊట అదే. 2010 జులై 14న కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. సరిగ్గా అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. ఎలా? ఎవరో ముందే అప్పీలు వేసి, అది బంజరు కాదు బీల అని ఆధారాలు పెట్టారు కాబట్టి. రోడ్డు మీద జనం నిలబడకపోతే ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదేమో. కాగితం లేకపోతే ఆ ప్రాణాలు పోయాక కూడా ప్లాంటు వచ్చేదేమో. ఈ రెంటిలో ఏది ఎక్కువో ఇన్నేళ్లయినా నేను తేల్చుకోలేదు. నిలబడినవాళ్లు ఆ తర్వాత ఏళ్ల తరబడి కేసుల వాయిదాలకి తిరిగారు, అదీ నిజం.

ఇక నీ పోస్టు. మొదటి రెండు వాక్యాలకి నీ పక్కన నేను నిలబడతాను. మూడోది తీసెయ్. “ఎవడి కడుపులో” అన్నావంటే ఎవడో ఒకడు తన కడుపు తడుముకుని పరువు నష్టం అంటాడు. ఆ కోపం సమాచార హక్కు దరఖాస్తులో పెట్టు. ట్యాంకు రంగుల పని ఎం.బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కాపీ, బిల్లు కాపీ, ఆ పదకొండు రోజుల పంపు లాగ్‌బుక్. ఇంటింటికీ కుళాయి ఇచ్చే జలజీవన్ పథకం లెక్క ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్లు అందాలి, మీ వీధికి ఎంత అందిందో రాసివ్వమను. పంచాయతీ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. నీళ్ల నమూనా అడిగే హక్కు కూడా అదే చట్టంలో ఉంది. కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని తేలని మీ ప్రాంతంలో ఆ సీసాడు నీళ్లు అడగడం అల్లరి అవుతుందా? దరఖాస్తు ఒక్కడివే వేయకు, వీధిలో ముగ్గురు విడివిడిగా వేయండి. ఒక్కణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టడం తేలిక. ముగ్గురికి ఆ బెంచీ చాలదు.

ఓటు వెయ్యి. వెయ్యకపోతే వాళ్లకేం బాధ లేదు. దాని గురించి ఇంతకన్నా రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

హైదరాబాదు వెళ్లాలనుకుంటే జీతం కోసం వెళ్లు, మన జిల్లాలో వలసపోని ఇల్లేదీ? భయపడి మాత్రం ఈ నెలలో వెళ్లకు. ఇప్పుడెళితే ఆ తెల్లకాగితం మీద “పరారీలో ఉన్నాడు” అని రాసుకోవడానికి చోటిచ్చినవాడివవుతావు.

సోమవారం కలెక్టరు గ్రీవెన్స్ ఉంటుంది. ప్రభుత్వం మారినప్పుడల్లా దాని పేరు మార్చారు. మీ కోసం అన్నారు, స్పందన అన్నారు, ఇంకేదో అన్నారు. సోమవారం మాత్రం మారలేదు. పొద్దున్నే బయల్దేరు, పది దాటితే లైను పెద్దదవుతుంది. అర్జీ రెండు కాపీలు తెచ్చుకో, ఒకదాని మీద ముద్ర పడేదాకా కదలకు. వానాకాలం, ప్లాస్టిక్ కవరు మర్చిపోకు.